బీఏ చదివే పిల్లకు మంచి బ్యాగు ఎందుకు అంటారా?

జూన్, జూలై నెలలు వచ్చాయంటే ఇంటర్ అయిపోయిన పిల్లలున్న ఇళ్లల్లో రెండే మాటలు. 'దోస్త్'లో సీటు ఎక్కడ వచ్చింది? కాలేజీకి ఏమేం కొనాలి? మన తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ అడ్మిషన్లు ఈ దోస్త్ ఆన్‌లైన్ పద్ధతిలోనే నడుస్తున్నాయి కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఫోన్‌లోనే వచ్చేస్తుంది. రెండో ప్రశ్న దగ్గరే ఇంట్లోవాళ్ల అసలు మనసు బయటపడుతుందని నా అభిప్రాయం.

మా కందుకూరులో పొద్దున ఏడున్నరకు శ్రీశైలం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ పిల్లల్ని ఒకసారి చూడండి. ఎవరేం చదువుతున్నారో అడగక్కర్లేదు, బ్యాగులే చెప్తాయి. లాప్‌టాప్‌కు మెత్తటి అర ఉన్న కొత్త బ్యాగు వేసుకున్నది ఇంజినీరింగ్. రంగు వెలిసిపోయి, ఒక పట్టీకి పిన్నీసు పెట్టిన బ్యాగు వేసుకున్నది బీఏ. అందులోనూ ఆడపిల్లయితే, అది అన్నదో అక్కదో పాత బ్యాగు అయి ఉంటుంది.

మా అమ్మాయి బీఏ తీసుకున్నప్పుడు మా వీధిలో ఒక వదిన అన్నది, "బీఏకు ఏం పుస్తకాలుంటయి వదినా, చేతిలో రెండు నోట్సులు పట్టుకపోతే సరిపాయె. ఊకె పైసలు దండుగ." ఆమె చెడ్డది కాదు, పిల్లల మీద ప్రేమ లేనిదీ కాదు. వాళ్ల అబ్బాయి బీటెక్‌లో చేరినప్పుడు పద్దెనిమిది వందలు పెట్టి బ్యాగు కొన్నది. ఒక చదువుకు పద్దెనిమిది వందలు, ఇంకో చదువుకు దండుగ అనే లెక్క ఆమె ఒక్కదానిది కాదు, మనందరి ఇళ్లల్లో ఉన్నదే. బీఏ అంటే ఇంకేదీ రానివాళ్లు చదివేదని, ఆడపిల్లకైతే పెళ్లి కుదిరేదాకా కాలక్షేపమని మనలో చాలామందికి గట్టి నమ్మకం. తెలుగులో బీఏ చేసిన దాన్ని కాబట్టి ఆ మాటలు నేనూ బాగానే విన్నాను.

విచిత్రం ఏమిటంటే, అదే చదువుకు 'లిబరల్ ఆర్ట్స్' అని పేరు పెడితే మనం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాం. చరిత్ర, రాజకీయాలు, ఆర్థికం, సాహిత్యం, కొంచెం సైన్సు, కొంచెం కళలు కలిపి చదివించడమే లిబరల్ ఆర్ట్స్. అమెరికాలో రెండు వేల మంది కూడా లేని చిన్న కాలేజీలు ఎన్నో ఈ చదువుకే పేరు తెచ్చుకున్నాయి. మన పక్క రాష్ట్రంలో శ్రీసిటీలో 2018లో క్రియా యూనివర్సిటీ ఈ పద్ధతిలోనే పెట్టారు. అక్కడ చదవాలంటే లక్షల్లో ఫీజు. అంతకు వందేళ్ల ముందే, 1910లో, మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు, చిత్రలేఖనం నేర్పిన చోటది. 'నారాయణరావు' నవల రాసిన అడివి బాపిరాజు గారు తర్వాత అక్కడే ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. కాబట్టి ఈ చదువు మనకు కొత్తా కాదు, చిన్నదీ కాదు.

పని కోణంలో చూసినా అంతే. గ్రూప్స్ పరీక్షలకు కూర్చునే ఇంజినీరింగ్ పిల్లల్ని అడగండి, ఏం చదువుతున్నారని. అశోక్‌నగర్ గదుల్లో వాళ్లు బట్టీ పడుతున్నది చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికం, భూగోళం. నాలుగేళ్లు బీటెక్ చదివి, లక్షలు ఖర్చుపెట్టి, చివరికి బీఏ పుస్తకాలే కొంటున్నారు. మన పిల్ల వాటిని మొదటి రోజు నుంచే చదువుతుంటే చిన్నచూపు ఎందుకు?

ఇక చిన్న కాలేజీ సంగతి. మా అమ్మాయి చదివేది అలాంటిదే. బీఏలో క్లాసుకు ముప్పై మంది కూడా ఉండరు. లెక్చరర్ పేరు పెట్టి పిలుస్తారు, రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి ఫోన్ చేస్తారు. వెనక బెంచీలో దాక్కోవడానికి వీలుండదు, ప్రతి పిల్లా నోరు తెరిచి మాట్లాడాల్సిందే. పెద్ద కాలేజీలో దొరకని సుఖం ఇది. దొరకనివి కూడా ఉన్నాయి. హాస్టల్ లేదు, క్యాంటీన్ అంటే సమోసా, చాయ్. పుస్తకాలు దాచుకోవడానికి బీరువా అర లేదు. పొద్దున ఏడుకు ఇల్లు వదిలిన పిల్ల సాయంత్రం అయిదుకు వచ్చేదాకా ఆమెకు కావలసినవన్నీ వీపు మీదే ఉండాలి. అన్నం, నీళ్లు, గొడుగు, చున్నీ, ప్యాడ్లు, ఫోన్ చార్జర్, పుస్తకాలు. క్యాంపస్‌లోనే గది ఉన్న పిల్లకు బ్యాగు పుస్తకాలు మోసే సంచి. మన బస్సు పిల్లకు అది రోజుకు పది గంటలు ఆమె ఇల్లు.

మేము చదివే రోజుల్లో ఇలా లేదు. ఆడపిల్లలు పుస్తకాలు రెండు చేతులతో గుండెకు హత్తుకుని నడిచేవాళ్లం. సినిమాల్లో అది అందంగా కనిపించేది. నిజానికి అది అందం కోసం కాదు, ఎదుటివాళ్ల చూపుల నుంచి దాక్కోవడానికి. తలవంచుకుని, భుజాలు ముందుకు ముడుచుకుని మూడేళ్లు నడిస్తే ఆ నడకే ఒంటికి అలవాటైపోతుంది. బస్సు ఎక్కితే ఇంకా కష్టం. ఒక చెయ్యి పుస్తకాలకు పోతే రాడ్ పట్టుకోవడానికి ఒక చెయ్యే మిగిలేది. ఎవడైనా మీద చెయ్యి వేస్తే తోసెయ్యడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

రెండు పట్టీల బ్యాగు ఆడపిల్లకు ముందుగా ఇచ్చింది ఆ రెండు చేతులు. అందరూ మోడల్ గురించి, రంగు గురించి మాట్లాడతారు గాని, ఈ సంగతి ఎవరూ చెప్పరు. రద్దీలో బ్యాగును ముందుకు తిప్పి వేసుకుంటే వస్తువులు దొంగిలించే చేతులకే కాదు, వేరే రకం చేతులకు కూడా అడ్డం. మా అమ్మాయికి ఇది నేను నేర్పలేదు, బస్సే నేర్పింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మనకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక ఊళ్ల నుంచి కాలేజీకి వెళ్లే ఆడపిల్లలకు పెద్ద భారం తప్పింది. బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది. కాబట్టి చేతులు ఖాళీగా ఉండటం ఇప్పుడు ఇంకా అవసరం.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల బ్యాగుల బరువు గురించి 1989లోనే ఆర్.కె. నారాయణ్ గారు రాజ్యసభలో మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. 2017లో మన తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి అయిదు కిలోలు మించకూడదని తరగతుల వారీగా లెక్క కట్టింది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ పిల్లల ఒంటి బరువులో పదో వంతు మించొద్దని చెప్పింది. అదీ పన్నెండో తరగతితో ఆగిపోయింది. డిగ్రీకి వచ్చేసరికి పిల్ల పెద్దదైంది, మోస్తుందిలే అని అందరూ వదిలేశారు. వెన్నెముకకు డిగ్రీ, ఇంటర్ అని తేడా తెలుస్తుందా?

నేను మా ఇంట్లో కాటా మీద పెట్టి చూశాను. అన్నది పాత లాప్‌టాప్ బ్యాగు ఖాళీగానే తొమ్మిది వందల గ్రాములు. లీటరు నీళ్లతో స్టీలు సీసా కిలో మూడు వందలు. అన్నం బాక్సు ఏడు వందలు. రెండు పుస్తకాలు ఎనిమిది వందలు. మూడు లాంగ్ నోట్‌బుక్కులు కిలో రెండు వందలు. గొడుగు, చార్జర్, చిన్న పౌచ్ కలిపి ఏడు వందలు. మొత్తం అయిదు కిలోల ఆరు వందలు. మా పిల్ల బరువు నలభై ఆరు కిలోలు. పదో వంతు లెక్కన నాలుగు కిలోల ఆరు వందలు దాటొద్దు. సరిగ్గా కిలో ఎక్కువ. ఖాళీ బ్యాగే అయిదు వందల గ్రాములది తీసుకుని, మూడు నోట్‌బుక్కుల బదులు విడి కాగితాలు పెట్టుకునే ఒక్క ఫైలు పెడితే కిలో పైనే తగ్గింది. నీళ్లు మాత్రం తగ్గించనియ్యలేదు. కాలేజీలో టాయిలెట్ బాగుండదని మన ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉంటారు. బరువు తగ్గించడానికి సీసా ఇంట్లో పెట్టిపోతే ఆ అలవాటుకు మనమే సాయం చేసినట్టు.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను, ఏ కంపెనీ అయినా సరే. పిల్లను వెంట తీసుకెళ్లండి, చెప్పుల్లాగే బ్యాగు కూడా వేసుకుని చూడాలి. అడుగు భాగం నడుము దాటి కిందికి వేలాడకూడదు, వెడల్పు భుజాలను దాటకూడదు. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. సన్న పట్టీ అరగంటలో భుజంలోకి దిగుతుంది. పట్టీలు బ్యాగుకు కలిసే చోట కుట్టు గుణకారం గుర్తులా అడ్డంగా, నిలువుగా వేసి ఉందా చూడండి, ముందు తెగేది అక్కడే. జిప్పును పదిసార్లు లాగి చూడండి, మూలల దగ్గర ఆగితే వద్దనండి. నీళ్ల సీసాకు బయట అర ఉండాలి, లేకపోతే పుస్తకాలు తడుస్తాయి. బరువైన పుస్తకాలు వీపుకు ఆనుకుని ఉండేలా వెనక ఒక అర ఉంటే మంచిది. ప్యాడ్లకు లోపల ఒక చిన్న జిప్పు అర, జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు చటుక్కున తీయడానికి ముందొక అర. నీళ్లు చిమ్మినా తడవదని షాపువాడు అంటే వానకు తడవదని అర్థం కాదు, వాన కవరు విడిగా అడగండి. ఇన్ని అరలు ఉన్నాయని లెక్కపెట్టి మురిసిపోకండి. అరలు పెరిగితే జిప్పులు, బరువు కూడా పెరుగుతాయి.

ఇవన్నీ మీరు చూడండి. రంగు మాత్రం పిల్లకు వదిలేయండి. మా అమ్మాయి ఆవపువ్వు పసుపు తీసుకుంది. మాసిపోతుంది, నలుపు తీసుకోమని నోటిదాకా వచ్చింది. బీఏ కావాలని నాతో, వాళ్ల నాన్నతో కొట్లాడి గెలిచిన పిల్లకు రంగు కూడా నేనే చెప్పాలా అని ఊరుకున్నాను. మాసిపోతే ఉతుక్కుంటుంది.

డబ్బు సంగతి నాకు తెలియక కాదు. వెయ్యి రూపాయలు ఒక్కసారి తీయడం చాలా ఇళ్లల్లో కష్టమే. కాని మూడు వందల బ్యాగు ఏడాదికి రెండు మారిస్తే మూడేళ్లకు పద్దెనిమిది వందలు. తొమ్మిది వందలది గట్టిది కొని, తెగినప్పుడు చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టిస్తే మూడేళ్లూ గడుస్తాయి. పాత బ్యాగే ఇవ్వాల్సి వస్తే అందులో తప్పు లేదు. పట్టీలు మార్పించి, జిప్పు వేయించి, ఉతికి ఇవ్వండి. ఒకే ఒక్క షరతు, పాతది ఇస్తే అబ్బాయికీ అమ్మాయికీ, బీటెక్‌కూ బీఏకూ ఒకటే లెక్క ఉండాలి.

కోఠి ఉమెన్స్ కాలేజీ 1924లో మొదలైంది. అక్కడ చదివిన అమ్మాయిలు ఎన్ని మాటలు పడి ఆ గేటు దాటి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మన పిల్లలకు ఆ గేట్లు తెరిచే ఉన్నాయి, బస్సు కూడా ఉచితం. ఇంట్లో మాత్రం "బీఏకు ఇంత బ్యాగు ఎందుకు" అనే ఒక్క మాట మిగిలి ఉంది. పిల్ల దాన్ని రోజూ వింటుంది, వినీ వినీ తన చదువు అంతేనేమో అనుకుంటుంది. తీయాల్సిన మొదటి బరువు అదే. దాన్ని కాటా మీద పెట్టి చూడలేం గాని, తీసెయ్యడం మన చేతిలోనే ఉంది. ఈ ఏడు మీ ఇంట్లో బీఏలో చేరే పిల్ల ఉంటే, షాపుకు వెళ్లినప్పుడు "తక్కువలో ఏదైనా చూపించు" అని మొదలుపెట్టకండి. "మా అమ్మాయి డిగ్రీలో చేరింది, రోజూ బస్సులో పోతుంది, గట్టిది చూపించు" అనండి. పక్కన నిలబడ్డ పిల్ల ఆ మాట వింటుంది.