భూటాన్ వంటింట్లో ఢిల్లీ గ్యాస్

2013 జులైలో భూటాన్ ఇల్లాళ్ళకి గ్యాస్ బండ ధర ఉన్నట్టుండి రెట్టింపు దాటిపోయింది. వాళ్ళకి వంటగ్యాసూ, కిరసనాయిలూ వెళ్ళేది మన దేశం నుంచే... అదీ మన సర్కారు ఇచ్చే రాయితీ మీద. జులై 1 నుంచి ఆ రాయితీ ఆగిపోయింది. ఒప్పందం గడువు తీరింది, అంతకుమించి ఏమీలేదని ఢిల్లీ అంది. సరే, కానీ 13న అక్కడ ఎన్నికలు! పైగా ముందు ఏడాదే అప్పటి ప్రధాని జిగ్మే థిన్లే రియోలో చైనా ప్రధానిని కలిసొచ్చారు. ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది. కొద్ది వారాల్లోనే రాయితీ తిరిగొచ్చింది. ఇది కాకతాళీయం అంటే నమ్మేవాళ్ళు నమ్మొచ్చు.

ఎనిమిది లక్షల జనాభా కూడా లేని ఆ దేశానికి ఇక మాటెక్కడుంటుంది అనిపిస్తుంది కదా? ఉంది. 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో భూటాన్ మన సలహా ప్రకారం నడుచుకోవాలి. అలాంటిది 1971లో ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం సంపాదించుకుంది, మన మద్దతుతోనే. 2003 డిసెంబరులో తన దక్షిణాది అడవుల్లో మకాం వేసిన ఉల్ఫా, బోడో తీవ్రవాదుల్ని సొంత సైన్యంతో తరిమేసింది. ఎన్నాళ్ళుగానో మనవాళ్ళు కోరుతున్న పని అది. 2007లో ఆ 'సలహా' షరతు ఒప్పందంలోంచి మాయమైంది! ఈ రెండింటికీ సంబంధం ఉందనే నా అనుమానం. అవతలివాళ్ళ అవసరం తీర్చాక అడిగితే కాదనడం కష్టం. ఈ కిటుకు ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన ఏ కోడలికైనా తెలుసు.

కాదనడమూ వచ్చు వాళ్ళకి. మనమూ, బంగ్లాదేశ్, నేపాల్‌లతో కలిసి నాలుగు దేశాల మధ్య వాహనాలు తిరిగే ఒప్పందాన్ని 2016లో వాళ్ళ ఎగువసభ తోసిపుచ్చింది. మాకోసం ఆగకండి, మీ ముగ్గురూ కానివ్వండని 2017లో మర్యాదగా చెప్పేశారు.

ఆ ఏడాదే డోక్లాంలో మన సైనికులూ, చైనా సైనికులూ 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డారు. చైనా రోడ్డు వేయడం తప్పని భూటాన్ ఒక్క ప్రకటన చేసి ఊరుకుంది. చైనాతో సరిహద్దు చర్చలు 1984 నుంచీ నడుస్తున్నాయి, 2021లో వాటికో ఒప్పందపత్రమూ కుదిరింది. కానీ బీజింగ్‌తో దౌత్య సంబంధాలు మాత్రం ఇప్పటికీ లేవు. నా దృష్టిలో వాళ్ళ కొంగున ముడేసుకున్న బంగారం అదే. ఆ ముడి విప్పనంత కాలం ఢిల్లీ వాళ్ళని బుజ్జగిస్తూనే ఉండాలి.

అలాగని వాళ్ళూ నిశ్చింతగా లేరు. వానాకాలంలో మనకి కరెంటు అమ్ముతారు. చలికాలంలో నదులు సన్నగిల్లితే, మళ్ళీ మన దగ్గరే కొనుక్కోవాలి.