పెద్దపేగు క్యాన్సర్, ఫోలేట్: విస్తరణ సేవ ముందున్న ప్రశ్న

పెద్దపేగు క్యాన్సర్ వైద్యుల విషయమనీ, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఆరోగ్య కార్యకర్తల విషయమనీ, కంది చేను వ్యవసాయ శాస్త్రవేత్తల విషయమనీ విడదీసి చూడటం వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో స్థిరపడిన అలవాటు. బియ్యంలోనే ఫోలిక్ ఆమ్లం కలిపి పంపిణీ చేసిన తరువాత ఆ విభజనకు అర్థం లేదు. ఆ బియ్యం మంచిదా, చెడ్డదా అని గ్రామసభలో రైతు అడిగేది విస్తరణ శాస్త్రవేత్తనే. సమాధానం చెప్పాలంటే కణంలో ఫోలేట్ ఏం చేస్తుందో కొంతైనా తెలిసి ఉండాలి.

ఒక్క కర్బన పరమాణువు గల చిన్న గుంపులను ఒక అణువు నుంచి మరొక అణువుకు చేరవేయడమే ఫోలేట్ పని. ఆ కర్బనానికి రెండు దారులున్నాయి. ఒక దారిలో అది థైమిడిలేట్ తయారీకి చేరి డీఎన్ఏ నిర్మాణంలో భాగమవుతుంది. రెండవ దారిలో ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము దానిని మిథైల్ రూపంలోకి మారుస్తుంది. విటమిన్ బి12 తోడైతే ఆ మిథైల్ గుంపు హోమోసిస్టీన్‌ను మెథియోనిన్‌గా చేస్తుంది. మెథియోనిన్ నుంచి ఏర్పడిన ఎస్-అడినోసిల్ మెథియోనిన్ డీఎన్ఏలోని సైటోసిన్‌కు ఆ గుంపును అందిస్తుంది. ఇదే డీఎన్ఏ మిథైలీకరణ. ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూతపడి ఉండాలి అన్నది కొంతవరకు ఈ గుర్తులపై ఆధారపడుతుంది. ఫోలేట్ కొరవడితే రెండు దారులూ దెబ్బతింటాయి: థైమిన్ ఉండవలసిన చోట యురాసిల్ చేరి డీఎన్ఏ పోగులు తెగుతాయి, మిథైల్ గుర్తులు చెదురుతాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లోపానికి మూల్యం ఎక్కువ. పెద్దపేగు క్యాన్సర్ కణాలలో కొన్ని జన్యువుల మిథైలీకరణ తగ్గి ఉంటుందని ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ 1983లో చూపారు. అదే జబ్బులో మరికొన్ని జన్యువులు అధిక మిథైలీకరణతో మూతపడతాయని తరువాత తేలింది. డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1 జన్యువు వాటిలో ఒకటి.

అయితే ఫోలేట్ ఎక్కువైనంత మేలు అనుకోవడం తొందరపాటు. ఆ సంగతి మొదట తెలిసిన కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకు లాటిన్‌లో ఉన్న పేరు నుంచి 1941లో ఆ పదార్థానికి పేరు పెట్టినవారు దానిని రాబట్టింది టన్నుల కొద్దీ పాలకూర నుంచి. అంతకు పదేళ్ల ముందే లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసి, ఇంకా పేరు లేని ఈ పోషకం జాడ పట్టింది. రక్తహీనతను మాన్పిన పదార్థం రక్త క్యాన్సర్‌నూ మాన్పుతుందేమోనని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ప్రయోగిస్తే, జబ్బు తగ్గకపోగా ఉధృతమైనట్లు కనిపించింది. అప్పుడు సుబ్బారావు బృందమే తయారుచేసిన వ్యతిరేక పదార్థం అమినోప్టెరిన్‌ను వాడగా, పిల్లలలో రక్త క్యాన్సర్ తాత్కాలికంగానైనా వెనక్కు తగ్గింది. ఆ ఫలితం ప్రచురితమైన 1948లోనే సుబ్బారావు మరణించారు.

పెద్దపేగు విషయంలోనూ ఇదే ద్వంద్వం కనిపిస్తుంది. ఆరోగ్యవంతమైన కణానికి ఫోలేట్ రక్షణ కావచ్చు. అప్పటికే కంతి మొలిచి ఉంటే ఆ కంతి కణాల విభజనకూ అదే ముడిసరుకు కావచ్చు. ఒకసారి కంతులు తొలగించుకున్న సుమారు వెయ్యి మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. రోజుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో కొత్త కంతులు తగ్గలేదు సరికదా, మూడు లేదా అంతకు మించి కంతులు ఏర్పడిన సందర్భాలు రెండింతలు దాటాయి. ఆ దేశంలో ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం 1998లో తప్పనిసరి అయింది కాబట్టి ఆందోళన పెరిగింది. అయితే దాదాపు 50 వేల మందిపై జరిగిన 13 పరీక్షలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో క్యాన్సర్లు చెప్పుకోదగినంతగా పెరిగిన దాఖలా కనిపించలేదు. పై రెండింటిలో ఒక్కదానినే పట్టుకుని ప్రచారం చేయడం శాస్త్రవేత్తకు తగని పని.

ఇక బియ్యం సంగతి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి చేసిన ప్రకటన తరువాత బలవర్ధక బియ్యం దశలవారీగా ప్రభుత్వ పథకాలలోకి వచ్చింది. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు ఇనుము, బి12 ఉండాలి. తెలంగాణలో చౌకధరల దుకాణం ఇచ్చే బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. ఆ బియ్యం ఈ ప్రమాణం ప్రకారం బలవర్ధకమైనదే అయినా దాని నుంచి అందేది 15 నుంచి 25 మైక్రోగ్రాములు మాత్రమే. పైన చెప్పిన పరీక్షలో ఇచ్చిన మోతాదు దీనికి కనీసం 40 రెట్లు. కనుక ఈ బియ్యం క్యాన్సర్ తెస్తుందన్న భయం లెక్కకు నిలవదు. గర్భిణులకు ఇచ్చే ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్రలపై అనుమానం రేపడమైతే నేరంతో సమానం. శిశువు వెన్నుపాము లోపాలను ఫోలిక్ ఆమ్లం నివారిస్తుందనడానికి సాక్ష్యం దృఢమైనది.

కానీ అదే లెక్క రెండవ వైపూ కోస్తుంది. పురుషునికి రోజుకు 300, స్త్రీకి 220 మైక్రోగ్రాములు కావాలని జాతీయ సిఫారసు. కృత్రిమ ఫోలిక్ ఆమ్లం సహజ ఫోలేట్ కన్నా బాగా ఒంటబడుతుందని ఒప్పుకున్నా, బియ్యంలో కలిపినది అందులో ఒక చిన్న వాటా. మిగిలినది చేనులో పండాలి. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 100, పొట్టు తీయని కందులలోనూ బొబ్బర్లలోనూ 200కు పైగా, పాలకూరలో 140 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటుంది. పాలిష్ పట్టిన మామూలు బియ్యంలో 10 కూడా ఉండదు. పప్పుతో పీచు కూడా పేగుకు చేరుతుంది. ఆ మేలు మాత్రలో దొరకదు. ఉడికించిన నీటిని పారబోస్తే ఫోలేట్ దానితోనే పోతుందన్న చిన్న మాట గృహ విజ్ఞాన శిక్షణలలో తప్పక చెప్పవలసినది. గుగ్గిళ్లు తినే అలవాటు బడిపిల్లలలో తగ్గిపోవడం పోషణ దృష్ట్యా నష్టమే.

వరంగల్ ప్రాంతంలో వానాకాలం వరి, యాసంగి వరి, మెట్టలో పత్తి పొలాన్ని ఆక్రమించిన తీరు అందరికీ తెలిసినదే. నీళ్లు వచ్చినచోట వరి వేసిన రైతును తప్పుపట్టడం తగదు. కొనుగోలుకు భరోసా ఉన్న పంట అదే. అయినా పత్తిలో కంది అంతరపంటను, వరి తరువాత పెసరను సిఫారసు చేసేటప్పుడు విస్తరణ సిబ్బంది భూసారం, ఆదాయం మాత్రమే చెప్పి ఊరుకుంటున్నారు. ఇంటి గింజలుగా అట్టిపెట్టుకోవలసిన పరిమాణం గురించి ఒక్క మాట చెప్పినా సిఫారసు స్వరూపం మారుతుంది. ఫలానా పప్పు క్యాన్సర్‌ను ఆపుతుందని కరపత్రం వేయడం మాత్రం కూడదు. మాంసం, మద్యం, పొగాకు, వయసు, వంశపారంపర్యం ఇన్ని కలిసిన జబ్బు అది.

పరిశోధన వైపు లోటు ఇంతకన్నా పెద్దది. వరిలో జింకు, ప్రోటీన్ కోసం రకాలు రూపొందించిన శ్రద్ధ అపరాలలో ఫోలేట్ మీద కనిపించదు. వరంగల్ పరిశోధన స్థానం నుంచి వచ్చిన రుద్రేశ్వర కంది, యాదాద్రి పెసర వంటి రకాలను దిగుబడితో, తెగుళ్లను తట్టుకునే గుణంతో పోల్చడానికి పట్టికలు ఉంటాయి. ఫోలేట్‌తో పోల్చే అలవాటు లేదు. ఒకే క్షేత్రంలో ఒకే సీజనులో పండిన రకాల గింజలను, అదే గింజల నుంచి ఆడించిన పప్పును, పచ్చిగానూ వండిన తరువాతా విశ్లేషించడం ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి సరిపోయే పని. ఫోలేట్ వేడికి, వెలుతురుకు చెడుతుంది కాబట్టి ఆరు నెలలు గోనెసంచిలో నిలవ ఉంచిన కందులను కూడా నమూనాలలో చేర్చాలి. జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాక వరంగల్‌కు రైలులో కొన్ని గంటల దూరం. కంది కోతలు ముగిసేలోపు ఆ నమూనాల ప్రణాళికను విశ్వవిద్యాలయ పరిశోధన మండలి ముందు ఉంచవచ్చు.