సమ్మె పటమున మూడవ ఆటగాడు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు పల్లెలలో రచ్చబండ రాతిమీదనో, గుడి మండపపు నేలమీదనో తరములనాడు గీసిన పులిజూదపు గీతలు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. పులులు మూడు, మేకలు పదునైదు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. ప్రక్కనున్న మేకకు ఆవలిచోటు ఖాళీగా నున్నప్పుడే పులి దానిని దాటి చంపగలదు. ఆచోట మరియొక మేక నిలిచియున్నచో ఎంతటి పులియైనను వెనుదీయవలసినదే. మేకకు చంపు శక్తి లేదు, ఒకదానికొకటి అండగా నిలుచు శక్తి మాత్రమే కలదు. ఆ శక్తితోడనే అవి పులులకు కదలుటకు త్రోవ లేకుండ చేసి గెలుచును. సమ్మెయొక్క ధర్మమును ఇంత చిన్న పటమున ఇంత స్పష్టముగా నిలిపిన ఆట మనకుండగా, కార్మికచరిత్రను విద్యార్థులచేత తేదీల పట్టికగా వల్లె వేయించుట నాకు సమ్మతము కాదు. చారిత్రకమైన సమ్మెలను బుద్ధికి పని కల్పించు పటపు ఆటలుగా కూర్చి మన పాఠశాలలకు అందజేయవలెను.

ఆటలచేత అర్థశాస్త్రమును బోధింపవచ్చునన్న భావము కొత్తది కాదు. అమెరికాలో ఎలిజబెత్ మేగీ యను విదుషీమణి, భూస్వామ్యమువలన సంపద కొలదిమంది చేతులలో ఎట్లు చిక్కుపడునో చూపుటకై ఒక ఆటను కల్పించి 1904లో దానికి పేటెంటు పొందెను. న్యూయార్కు విశ్వవిద్యాలయాచార్యుడు బెర్టెల్ ఓల్‌మన్ 1978లో వర్గపోరాటమునే పేరుగను, విషయముగను గల పటమును వెలువరించెను. మనము కూర్చుకొనదగిన ఆటకు వస్తువు మన తెలుగు కూలీల చరిత్రలోనే కలదు. అది 1930 నాటి రంగూను ఓడరేవు సమ్మె.

కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలెక్కి, మేస్త్రీల యొద్ద ముందుగా పుచ్చుకొన్న అప్పునకు కట్టుబడి బంగాళాఖాతము దాటిన తెలుగువారు, కోరంగీలను పేర రంగూను రేవులో మూటలు మోయుచుండిరి. ఆర్థికమాంద్యము ముసురుకొనుచున్న ఆ సంవత్సరము మే నెలలో, గాంధీమహాత్ముని నిర్బంధమువలన దేశమంతయు ఉద్రిక్తమై యున్న దినములలో, వారు కూలి పెంపు కోరి పని మానిరి. సరకు గుత్తేదారులు బర్మా కూలీలను పిలిపించి ఓడలలో పనికి పెట్టిరి. అనంతరము తెలుగువారితో రాజీ కుదిరి, కొంత కూలి పెరుగగా, మే 26వ తేదీ ఉదయమున వారు తిరిగి రేవునకు వచ్చిరి. పని తమదేయని నమ్మి వచ్చిన బర్మా కూలీలను గుత్తేదారులు వలదనిరి. అవమానితులైన వారికిని, తిరిగివచ్చిన వారికిని నడుమ మాటలు పెరిగి, కొట్లాటయై, నగరమంతట వ్యాపించి, అధికారుల లెక్కచొప్పుననే నూరుమందికి పైగా ప్రాణములు గొనెను. హతులలో అత్యధికులు తెలుగువారు. వేలకొలది తెలుగువారు పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తల దాచుకొనిరి.

ఇంతటి రక్తపాతము జరిగిన పిదప ఓడపనిలో బర్మా కూలీలకును వాటా యేర్పరుపబడెను. అనగా, పిమ్మట సాధ్యమైన ఆ పంపకము రాజీ కుదిరిన దినముననే సాధ్యపడియుండెడిది. దానిని కోరువారు లేకపోయిరి. పాఠ్యపుస్తకములో ఈ సంగతి ఒక వాక్యముగా మాత్రమే నిలుచును. ఆటలోనైతే ఆ రాజీపత్రమును వ్రాయవలసినవాడు విద్యార్థియే.

కావున ఈ పటమునకు ముగ్గురు ఆటగాండ్రు కావలెను. తెలుగు కూలీకి మేస్త్రీ అప్పును, దినదినము తరుగు బియ్యమును లెక్కింపవలసియుండును. గుత్తేదారునకు రేవులో నిలిచిపోయిన ప్రతి ఓడయు నష్టమే. పనికొరకు నగరమునకు వచ్చిన బర్మా కూలీకి ఈ సమ్మెయే దైవమిచ్చిన యవకాశముగా తోచును. ముగ్గురి నిర్ణయములకును కారణములు కలవు. తెలుగు ఆటగాడు ఒక వంతు వదలుకొని బర్మా ఆటగానితో సంప్రదింపవచ్చును. అట్లు చేయక తన కూలి తాను పెంచుకొని వేగముగా ముగింపవచ్చును. ఈ రెండవ త్రోవ సులభము, ఆకర్షకము. దాని ఫలితమును పిల్లలు తమ యెదుటనే చూతురు.

మరణములను ఆటవస్తువు చేయుట తగునా యని కొందరడుగుదురు. ఆ శంక న్యాయమైనదే. ఈ పటమున హింసవలన ఎవరికిని గెలుపు కలుగరాదు. అల్లరి చెలరేగినచో ముగ్గురును ఓడవలెను. మృతులను గౌరవించుటకు వారి మరణకారణమును గ్రహించుటకంటె మేలైన మార్గము లేదు.

ఈ పాఠము ఈ మెట్టసీమకు దూరమైనది గాదు. మిరపకోతల కాలమున అన్యప్రాంతములనుండి కూలీల ముఠాలు మన పొలములకు వచ్చుచున్నవి. జగ్గయ్యపేట చుట్టుపట్ల సిమెంటు కర్మాగారములున్నవి. స్థానికుడు కూలి హెచ్చింపుమని అడిగినప్పుడు దూరదేశపు పేదవానిని చూపి బెదరించుట ఎక్కడనైనను జరుగగలదు, ఆ పేదవాడే తన శత్రువని స్థానికుడు భ్రమించుటయు జరుగగలదు. రేపు ఆ స్థానమున నిలువబోవు మన బిడ్డలు ఈ చిక్కును మొదటిసారి బల్లమీద ఎదుర్కొనుట మేలు.

ఇందులకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక అట్ట, పిడికెడు గింజలు, చరిత్ర నెరిగిన ఉపాధ్యాయుడొకడు చాలును. నందిగామ, జగ్గయ్యపేట పాఠశాలల ఉపాధ్యాయులును, కార్మికసంఘములును కలిసి వచ్చు మేడే నాటికి దీనిని సిద్ధపరుపవలెనని నా ప్రార్థన. నియమములను వారు తమకు తోచినట్లు మార్చుకొనవచ్చును గాని, ఆట ముగిసిన పిమ్మట కుదిరిన ఒడంబడికను అందరి యెదుట బిగ్గరగా చదివి, అందు ఎవరికి చోటు దొరకలేదో ప్రతి విద్యార్థియు చెప్పవలెనను నియమమును మాత్రము విడువరాదు.