తన తప్పు తానే పట్టుకున్న బిడ్డకు సాయం ఆపుతామా?

ఇది కొంచెం పొడుగు రాత. సగం చదివి బొటనవేలి బొమ్మ పెట్టి వెళ్ళిపోవద్దని మనవి. పోయిన నెల మన కార్యవర్గం చేసిన ఒక తీర్మానం తప్పు అని చెప్పడానికే రాస్తున్నాము. మేము అంటే ఆదివారం పొద్దున సంఘం వరండాలో కూర్చునే నలుగురైదుగురం. అందరం అరవై దాటినవాళ్ళమే, మాలో ఇద్దరం రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైర్ అయినవాళ్ళం. తమిళ మీడియంలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళం కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, నిలదీయండి.

సంగతి మీకు తెలిసిందే. మన విద్యా నిధి నుంచి రెండేళ్ళుగా ఒక అమ్మాయికి ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తూ వచ్చాము. మన వీధిలో పుట్టిన బిడ్డే. లోహాల మీద పరిశోధన చేస్తున్నది. తన ల్యాబులో లేని యంత్రం కోసం వేరే ఊరికి పోవాలి, అక్కడ గంటకింత అని రుసుము కట్టాలి, దానికి ఈ డబ్బు. మూడో ఏడు దరఖాస్తు పెడితే కార్యవర్గం ఆపేసింది. చెప్పిన కారణం ఏమిటంటే, మొదటి ఏడాది చూపించిన ఫలితం తప్పని ఆ అమ్మాయే రాసుకున్నది కాబట్టి పురోగతి లేదట! కోపం తగ్గాక రాద్దామని రెండు వారాలు ఆగాము. తగ్గలేదు.

ఆ అమ్మాయి చేసే పని ఏమిటో తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? మాకూ తెలియదు. అందుకే పిలిచి అడిగాము. రెండు ఆదివారాలు కూర్చుని చెప్పింది, తెలుగులోనే. మాట దొరకని తావున తమిళం కలిపింది, అంతే.

ఆ యంత్రం పేరు ఫోకస్డ్ అయాన్ బీమ్. ఆ పనివాళ్ళు ఫిబ్ అంటారట. అయాన్ అంటే మేము తమిళ పుస్తకంలో చదువుకున్న 'అయని'యే. గాలియం అని ఒక లోహం ఉంది, దాదాపు 30 డిగ్రీలకే కరిగిపోతుంది. మన చెన్నై ఎండాకాలంలో సీసాలో పెడితే నీళ్ళ మాదిరి ఉంటుంది. సన్నని టంగ్‌స్టన్ సూది మొనకు ఈ కరిగిన గాలియం పట్టించి, బలమైన కరెంటు ఒత్తిడి పెడితే ఆ తడి కోసుగా సాగి, మొన నుంచి అయాన్లు ఒక్కొక్కటిగా ఊడి వస్తాయి. వాటిని సాధారణంగా 30,000 వోల్టులతో తోసి, కొన్ని నానోమీటర్ల వెడల్పుకు కుదించి వస్తువు మీద పడేస్తారు. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ తగిలితే కాయలు చెల్లాచెదరైనట్టు, పైపొర అణువులు ఎగిరిపోతాయి. చూడడానికి వాడే ఎలక్ట్రాన్ కన్నా గాలియం అయాన్ సుమారు 1,27,000 రెట్లు బరువు. ఎలక్ట్రాన్ చూసి వస్తుంది, ఇది చెక్కి వస్తుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, ఒక దానితో కోస్తూ ఇంకొక దానితో చూస్తూ ఉంటారు.

దీనితో చేసే ముఖ్యమైన పని లోహం లోపలి నుంచి పలచని పలక తీయడం. ముందు ఆ తావు చెడకుండా పైన ఒక గీత మాదిరి ప్లాటినం పూత వేస్తారు, అది కూడా గ్యాసు వదిలి అయాన్లతోనే. తర్వాత దానికి ఇటూ అటూ గుంతలు తవ్వుతారు. మధ్యలో గోడ మాదిరి ఒక పలక నిలబడుతుంది. దాని అడుగు కోసి, కంటికి ఆనని సూది తెచ్చి, ప్లాటినంతో అతికించి, పైకెత్తి, రాగి జల్లెడ కొమ్మకు అంటిస్తారు. అప్పుడు రెండు వైపులా గీకుతూ పోయి 100 నానోమీటర్ల కన్నా పలచన చేస్తారు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు అనుకుంటే లెక్క మీరే వేసుకోండి. సూది ఎత్తేటప్పుడు ఆ పలక ఊడి పడితే ఇక వెతుక్కోను కూడా కుదరదు, రోజు పని గోవిందా. ఇది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఎందుకు ఇంత అవస్థ అంటారా? చిప్పులు చేసే కంపెనీలు 1980ల నుంచీ ఈ కత్తితోనే లోపలి తీగలు కోసి ఎక్కడ చెడిందో చూస్తున్నాయి, తెగిన తావున కొత్త తీగ వేసి పరీక్ష చేస్తున్నాయి. మా రైలు పట్టాల సంగతే తీసుకోండి. చక్రాలు జాస్తిగా రుద్దిన పట్టా నెత్తిన తెల్ల పొర ఒకటి ఏర్పడుతుంది. పరీక్షకు యాసిడ్ పూస్తే మిగతా ఉక్కు నల్లబడుతుంది, ఆ పొర మాత్రం తెల్లగానే నిలుస్తుంది. గట్టిది, కానీ పెళుసు. పగుళ్ళు అక్కడ మొదలు కావచ్చు. ఆ పొర లోపల ఏముందో చూడాలంటే సరిగ్గా అక్కడి నుంచే పలక తీయాలి, దానికి ఫిబ్ కావాలి. మేము ముప్పై ఏళ్ళకు పైగా ఆ పట్టాల పక్కనే బతికాము, ఈ తెల్ల పొర మాట మొదటిసారి విన్నది ఈ అమ్మాయి నోటనే.

ఇప్పుడు అసలు తగువుకు వద్దాము. ఈ కత్తి కోసి ఊరుకోదు. కోసిన తావున తన గాలియాన్ని కొంత దిగబెట్టి పోతుంది, అంచుల్లో అణువుల వరస చెరిపేస్తుంది. సిలికాన్‌ను 30 కిలోవోల్టులతో కోస్తే ఒక్కొక్క వైపు 20 నానోమీటర్లకు పైగా పాడవుతుంది. 100 నానోమీటర్ల పలకలో రెండు వైపులా కలిపి 40 పోతే మిగిలిందెంత? అందుకే చివర్లో 5 కిలోవోల్టులకు, ఇంకా కిందికి తగ్గించి మెల్లగా గీకుతారు. అప్పుడు పాడయ్యేది రెండు మూడు నానోమీటర్లకు దిగుతుంది. సున్నా మాత్రం కాదు.

గూడ్స్ షెడ్డులో పని చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బండి పక్కన టేర్ బరువు అని రాసి ఉంటుంది, ఖాళీ బండి బరువు. నిండు బండిని తూకం వేసి అందులో టేర్ తీసేస్తేనే సరుకు బరువు. టేర్ తప్పుగా రాసి ఉంటే తూకం యంత్రం ఎంత మంచిదైనా సరుకు లెక్క తప్పే. ఫిబ్ వాడేవాళ్ళకు ఆ టేర్ ఏమిటంటే, కత్తి స్వయంగా చేసిన పని. అది తీసెయ్యకుండా చెప్పే ఏ లెక్కా చెల్లదు.

పెద్దపెద్దవాళ్ళకే ఈ తగువు తప్పలేదు. 2004లో అమెరికాలో యూకిక్, డిమిడక్, ఫ్లోరాండో, నిక్స్ అనే నలుగురు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వేశారు. నికెల్ లోహంలో ఫిబ్‌తో మైక్రాన్ల కొలతలో చిన్న స్తంభాలు చెక్కి, నెత్తిన నొక్కి చూశారు. స్తంభం సన్నబడే కొద్దీ బలం పెరిగింది. లోకమంతా ల్యాబుల్లో స్తంభాలు చెక్కడం మొదలైంది. తర్వాత కొందరు అడిగారు, చెక్కిన కత్తి ప్రభావం ఎంత అని. 2007లో బేయి, జార్జ్, ఫార్ వాళ్ళ బృందం కత్తి పెట్టకుండానే స్తంభాలు తెచ్చింది. నికెల్, అల్యూమినియం, మాలిబ్డినం కలిసిన మిశ్రమాన్ని ఒకే దిక్కుగా గట్టిపరిస్తే లోపల మాలిబ్డినం కడ్డీలు వాటంతట అవే పెరుగుతాయి, చుట్టూ ఉన్నది యాసిడ్‌తో కరిగిస్తే కడ్డీలు నిలబడతాయి. ఆ కడ్డీలు సన్నవైనా లావైనా ఒకే బలం చూపించాయి, అదీ లెక్క ప్రకారం లోహానికి ఉండగల పై హద్దు దగ్గర. అటువంటి వాటినే ఫిబ్ కింద పెట్టి మళ్ళీ నొక్కితే బలం తగ్గింది. అంటే కత్తి వట్టిగా లేదు. చిన్నదానికి బలం జాస్తి అన్న మాట దీనితో అబద్ధం అయిపోలేదు, కానీ ఏ స్తంభం ఎలా చేశారో చెప్పకుండా బలం అంకె చెప్పడం ఇక చెల్లలేదు. 2004 వాళ్ళను ఎవరూ వెలివేయలేదు. ఈ రోజుకీ ఆ వ్యాసాన్ని తలుచుకుంటారు.

మన అమ్మాయి పని అల్యూమినియం మిశ్రమం మీద. లోహం లోపల గింజలు గింజలుగా ఉంటుంది, గింజకూ గింజకూ మధ్య గట్లు ఉంటాయి. ఆ గట్టు అడ్డంగా వచ్చేట్టు ఫిబ్‌తో చిన్న దూలాలు చెక్కి వంచి చూసింది. అన్నీ గట్టు దగ్గరే పుటుక్కుమన్నాయి. మొదటి ఏడు అదే ఫలితం, గట్టు బలహీనం అని. మనం దండ వేశాము, ఫోటో తీసుకున్నాము, సంక్రాంతి సభలో ముందు వరుసలో కూర్చోబెట్టాము.

రెండో ఏడు ఆ బిడ్డకు సందేహం వచ్చింది. గాలియానికీ అల్యూమినియానికీ ఉన్న శత్రుత్వం ఆ శాఖలో పేరు మోసిందే. అల్యూమినియం రేకు గీకి ఒక్క చుక్క గాలియం పెడితే అది గట్లలోకి ఇంకిపోయి, రేకు చేత్తో విరిచే మాదిరి అయిపోతుంది. మరి గాలియం కత్తితో చెక్కిన దూలం గట్టు దగ్గర విరిగితే తప్పు లోహానిదా, కత్తిదా? ఈ ప్రశ్న గైడు అడగలేదు, మనం ఎలాగూ అడగము. తనే అడుక్కున్నది. వేరే ఊరిలో జెనాన్ అయాన్లతో కోసే యంత్రం ఉంటే, మనమిచ్చిన డబ్బుతో అక్కడికి పోయి దూలాలు మళ్ళీ చెక్కి తెచ్చింది. జెనాన్ గట్లలోకి ఆ మాదిరి ఇంకదు. వంచితే దూలాలు వంగాయి, పుటుక్కుమనలేదు. అప్పుడు మొదటి ఏడాది మాట వెనక్కి తీసుకుంటున్నానని ఒక సభకు పంపిన సారాంశాన్ని ఆపించి, మనకు ఇచ్చే నివేదికలో కూడా ఉన్నదున్నట్టు రాసింది.

ఆ నివేదికనే మన కార్యవర్గం 'పురోగతి లేదు' అని చదివింది.

అయ్యా, దాచి ఉంటే ఏమయ్యేది? పాత ఫలితమే ఇంకో నాలుగు ఫోటోలు పెట్టి పంపి ఉంటే మీరు మళ్ళీ దండ వేసేవాళ్ళు. ఈ తీర్మానంతో మన పిల్లలకు చెప్తున్నది ఏమిటి? సంఘానికి నిజం రాయవద్దు, దండకు పనికొచ్చేది రాయండి అనే కదా! స్టేషను లెక్కలో తప్పు దొరికితే అకౌంట్స్ ఆఫీసు నుంచి ఎర్రర్ షీట్ వచ్చేది. అది రాకముందే గుమాస్తా తన తప్పు తనే చూసి డబ్బు కట్టి రాసేస్తే, మాకు తెలిసిన ఏ ఇన్‌స్పెక్టరూ అతన్ని దొంగ అనలేదు. దొంగ అన్నది దిద్దినవాణ్ణి.

కార్యవర్గంలో ఒక పెద్దమనిషి ఈ పరిశోధన వల్ల మన సమాజానికి ఏం లాభం అని గ్రూపులో అడిగారు. ధోలేరాలో చిప్పుల ఫ్యాక్టరీకి 2024లో శంకుస్థాపన అయినప్పుడు దేశం వెలిగిపోతున్నదని అరడజను వీడియోలు పంపింది ఆయనే. ఆ ఫ్యాక్టరీల్లో చెడిన చిప్పును కోసి చూసేది ఎవరనుకున్నారు? ఇటువంటి యంత్రం ముందు చీకటి గదిలో పది గంటలు కూర్చోగల పిల్లలే.

ఇంకొకరు, పేరు రాయము, ఇదంతా తెలుగులో చెప్పే విషయం కాదని, ఉగాది సభలో ఆ అమ్మాయి ప్రసంగం వద్దన్నారు. ఇది మాకు ఇంకా జాస్తి నొప్పి కలిగించింది. మన పిల్లలు పదో తరగతిలో తెలుగు పరీక్ష రాసుకోనివ్వండి అని 2006 చట్టం మీద మనవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. తిరిగింది ఎందుకు? పెళ్ళి పత్రికలో, హారతి పాటలో వాడుకోవడానికేనా? తమిళంలో భౌతికశాస్త్రం చదివాము మేము. అణువును అణు అనీ, మూలకాన్ని తనిమం అనీ ఒక పల్లెటూరి మాస్టారు బల్ల మీద రాసి చెప్తే మాకు అర్థమైంది. ఆ మాటలు తమిళానికి ఆకాశం నుంచి పడలేదు, ఎవరో కూర్చుని చేసుకున్నారు, పిల్లల మీద వాడి చూసి దిద్దుకున్నారు. మన వరండాలో మా అయిదుగురికి ఒక అమ్మాయి గాలియం గురించి తెలుగులో చెప్పింది, మాలో ఒకాయనకు ఆరో తరగతితో చదువు ఆగిపోయింది, ఆయనకే అందరికన్నా ముందు అర్థమైంది. కత్తి పసుపు కోస్తే తర్వాత కోసిన పండుకు పసుపు అంటదా అన్నాడు. అమ్మాయి సరిగ్గా అంతే తాతా అన్నది.

నిబంధనల మాట కూడా వస్తుంది, తెలుసు. ఏడాదికోసారి మార్కుల జాబితా చూపించాలని మన విద్యా నిధి నియమం. అది కాలేజీ పిల్లలకు సరే. పరిశోధనకు మార్కుల జాబితా ఎక్కడిది? నియమం రాసినప్పుడు మన వాళ్ళలో పరిశోధన చేసేవాళ్ళు ఒక్కరూ లేరు, అందుకని అలా రాశారు. ఇప్పుడు ఉన్నారు, మార్చుకుందాము. డబ్బు తక్కువగా ఉందన్న మాట కూడా నిజమే, దానికి వార్షికోత్సవం శాలువాలు కొన్ని తగ్గిస్తే సరిపోతుందని మా లెక్క. ఎంతమందికి శాలువా కప్పామో రిజిస్టరులో ఉంది, మేమే రాశాము.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు ప్రతిపాదనలు పెడుతున్నాము. ఒకటి, ఆ సాయం ఈ ఏటికి తిరిగి ఇవ్వాలి. రెండు, పరిశోధన చేసే పిల్లలను మార్కులతో కాక, ఏడాదిలో ఏం చేశారో, ఎక్కడ తప్పు పోయారో వాళ్ళ రాతతోనే చూడాలి. ప్రతిపాదన నిలవాలంటే పాతికమంది సంతకాలు కావాలి, ఇప్పటికి పదకొండు వచ్చాయి. కాగితం సంఘం ఆఫీసులో గుమాస్తా మేజా మీదే ఉంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. తమిళంలో సంతకం పెట్టినా చెల్లుతుంది.