వంకర ముక్కలను కత్తిరించవద్దు

భూమి పట్టాలు, కోర్టు తీర్పులు, గుడి శాసనాలు చరిత్రకు ఆధారాలని మనకు నేర్పారు. వాటిలో ఎక్కువగా కనిపించేవి మగవాళ్ళ పేర్లే. కర్నూలు, కడప పల్లెల్లో చదువు అందని స్త్రీలు తమ చేత్తో చేసి మిగిల్చిపోయిన వాటిలో బొంత ఒకటి. పడమటి కర్నూలు నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల మూటల్లో అదీ పోతుంది. అందుకే పాత బొంతను బాగుచేయడం నాకు హక్కుల ప్రశ్నగానే కనిపిస్తుంది.

మా అమ్మమ్మ కుట్టి, పూర్తిచేయకుండా వదిలిన అతుకుల బొంత పై పొర నా దగ్గరుంది. ఒక్క ముక్కా చదరంగా లేదు. కొన్ని పక్కకు సాగాయి, కొన్ని నడుమ ఉబ్బాయి. అంచులు సమంగా కత్తిరించి మిషను మీద కుట్టించమని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ వంకర చేతగానితనం కాదు. వానలు తప్పిన ఏడు కొత్త చీర ఉండదు. ఉన్నదాన్నే చివికేదాకా కట్టుకుంటే, గట్టిగా మిగిలిన మేరకే ముక్క వస్తుంది. పొయ్యి, పశువులు, కలుపు పని అయ్యాక మిగిలిన పొద్దులోనే కుట్టు పడుతుంది. ఈనాటికీ ఆ పొద్దు తక్కువే. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. వంకర ముక్కను కోస్తే ఈ సాక్ష్యాన్నే కోసినట్టు.

మరి ఎలా పూర్తిచేయాలి? ముందు తడి తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. చివికిన ముక్కను తీసేయకుండా కింద మెత్తటి పాత నూలుగుడ్డ వేసి నిలపాలి. ఉబ్బిన ముక్క అంచున వదులుగా దారం నడిపి, కొద్దికొద్దిగా దగ్గరికి లాగి, పక్క ముక్కకు సరిపెట్టాలి. చాలనిచోట కొత్త పట్టీ అతకాలి. అడుగున పాత చీర పరిచి, నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. మన దారం వేరే రంగుదైతే మేలు. ఏ కుట్టు ఎవరిదో తర్వాతివాళ్ళకు తెలుస్తుంది.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతలను నైరూప్య చిత్రాల్లా గోడలకు తగిలించింది. కుట్టిన స్త్రీల పేర్లు మాత్రం చాలావరకు లేవు. 1973లో పెట్రీషియా మైనార్డి ఈ ధోరణిని తీవ్రంగా విమర్శిస్తూ, బొంతలు స్త్రీల కళ అని ఎలుగెత్తి చెప్పింది.

మనం చేస్తున్నది వేరుగా ఉందా? ఉపాధి పేరుతో బొంతలు కుట్టించేటప్పుడు, కొలత తప్పిందని ఒక స్త్రీ పనిని వెనక్కి పంపితే, ముక్కకింత అని లెక్కగట్టి ఆమె గంటలను వదిలేస్తే, మనమూ ఆ మ్యూజియం వరసలోనే నిలబడతాం. గంటలకు కూలి కట్టండి. బొంత వెనక ఆమె పేరు, ఊరు, ఆ గుడ్డ ఎవరి చీరదో రాయించండి. రాయడం రాకపోతే ఆమె చెబుతుంటే మనం రాద్దాం, కానీ ఆమె మాటల్లోనే రాద్దాం.