పొయ్యి రాజేసే ముందు తలెత్తి చూడండి

కార్తీకం వచ్చిందంటే ఆదివారాలన్నీ తోటల్లోనే. కుల సంఘాలు, ఉద్యోగ సంఘాలు, అపార్ట్‌మెంట్ కమిటీలు, బడులు, ఎవరి వనభోజనాలు వారివి. బస్సులు మాట్లాడుకున్నారు, వంటవాళ్లకు అడ్వాన్సులిచ్చారు, మైకు సెట్టు కుదుర్చుకున్నారు. చాలామంది మరిచిపోయేది ఒక్కటే. పొయ్యి పెట్టబోయే చోట, పైన కొమ్మల్లో ఏముందో చూడటం. ఊరు దాటి చెట్ల మధ్యకు వెళ్తే మన భయమంతా పాము మీద, చిరుతపులి మీద. కానీ పసిపిల్లల నుంచి తాతల దాకా పంక్తిలో కూర్చున్న అందరినీ ఒక్కసారే ఆసుపత్రి పాలు చేయగలది తేనెటీగల గుంపు. ఇది ఎక్కడో కీకారణ్యంలో ఉండే ప్రమాదం కాదు, ఊరి చివరి మామిడితోటలోనూ ఉంటుంది.

పెట్టెల్లో పెంచే తేనెటీగ వేరు, ఇది వేరు. ఏపిస్ డార్సేటా అని శాస్త్రజ్ఞులు పిలిచే కొండ తేనెటీగ మర్రి, రావి, బూరుగు వంటి పెద్ద చెట్ల కొమ్మలకు, రాతిచరియలకు, వంతెనల కింద, వాటర్ ట్యాంకుల అడుగున పట్టు పెడుతుంది. ఒకే పట్టు, పూర్తిగా బయటికే వేలాడుతూ ఉంటుంది. పెద్దదైతే మీటరు వెడల్పు దాటుతుంది. తొర్ర, గోడ వంటి చాటు ఏదీ లేదు కనుక ఈగలే ఒకదాన్నొకటి పట్టుకుని పట్టు మీద తెర కడతాయి. వేల ఈగల ఆ తెరే దానికి గోడ, అదే కాపలా. కందిరీగ దగ్గరికి వస్తే ఆ తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అల పరుగెత్తుతుంది. ఈగలు వరస వెంట వరస పొట్ట చివర పైకెత్తి దించడం వల్ల అలా మెరుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, ఫోన్ తీసి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లొద్దు. అల కనబడిందంటే పట్టు అప్పటికే అప్రమత్తంగా ఉందని అర్థం.

వనభోజనమంటే ఉసిరిచెట్టు నీడ. ఉసిరి చిన్నచెట్టు, దాన్ని చూసుకుని నిశ్చింతగా కూర్చుంటాం. గాడిపొయ్యి పొగ ఉసిరి దగ్గర ఆగదు. గాలివాటున పోయి పక్కనున్న మర్రి కొమ్మల్లో దూరుతుంది. పచ్చి కట్టెలైతే పొగ మరీ దట్టం. పొగ పెడితే ఈగలు పారిపోతాయన్న మాట సగం నిజమే. పట్టు వదిలి లేస్తాయి. లేచిన గుంపు ఎక్కడికో పోదు, కింద కదిలేవాళ్ల మీద పడుతుంది. తేనె తీయడంలో తరాల అనుభవమున్న నల్లమల చెంచులు కూడా పొగను వాడేది ఒళ్లు దగ్గర పెట్టుకునే. చుట్టూ పిల్లలు ఆడుకుంటుండగా ఆ పని చేయరు.

‘పోయినేడు కూడా ఇక్కడే చేశాం, ఏమీ కాలేదు’ అన్న ధీమా పనికిరాదు. కొండ తేనెటీగ పూతను వెతుక్కుంటూ ఏటా వలస తిరిగే జాతి. ఖాళీగా చూసిన కొమ్మకే కొన్ని వారాల తర్వాత పట్టు ఉండొచ్చు. ఒకసారి పట్టు పెట్టిన చెట్టుకే ఏళ్ల తరబడి తిరిగి రావడం కూడా వీటి అలవాటు. కాబట్టి నిరుటి అనుభవం లెక్కలోకి రాదు, ఈ వారం చూసిందే లెక్క. చీకటి పడ్డాక భయం లేదనుకోవడమూ పొరపాటే. ఈ జాతి ఈగలు వెన్నెల్లో ఎగరగలవు, దీపాల వెలుగుకూ వస్తాయి. కార్తీక పౌర్ణమి రాత్రి పట్టు ఉన్న చెట్టు కింద లైట్లు వేయకండి.

గుంపును లేపేది పొగ ఒక్కటే కాదు. పిల్లాడు విసిరిన రాయి, మిగిలిపోయిన దీపావళి టపాకాయ, ఫొటోల కోసం ఎగరేసిన డ్రోన్, పట్టు మీదికి దిగిన తేనెగద్ద, ఏదైనా చాలు. గద్ద చేసిన అల్లరికి కింద కూర్చున్నవాళ్లు దెబ్బ తినవచ్చు. ఒక ఈగ కుట్టగానే ఆ ముల్లు దగ్గర నుంచి ఓ వాసన వెలువడుతుంది. ఇంచుమించు మగ్గిన అరటిపండు వాసన. మిగతా ఈగలకు అదే పిలుపు. ఈగను నలిపి చంపినా ఆ వాసనే వస్తుంది. అందుకే ఒకటి కుట్టిన చోట పదులు వచ్చి కుడతాయి. మొదటి ఈగ కుట్టినప్పుడే అక్కడి నుంచి లేవాలి. ‘ఒక్కటే కదా’ అని విస్తరి ముందు కూర్చోకూడదు.

గుంపు లేస్తే చేతులు ఊపకండి, నేల మీద పడుకోకండి. చీర కొంగో తువ్వాలో తలకూ ముఖానికీ కప్పుకుని, దారి కనబడేంత సందు ఉంచుకుని, ఆగకుండా పరుగెత్తండి. కారు, బస్సు, గది, ఏది దగ్గరైతే అందులోకి వెళ్లి అద్దాలు, తలుపులు మూయండి. మీతోపాటు నాలుగు ఈగలు లోపలికి వచ్చినా సరే, బయటున్న వేల కంటే అవి నయం. చెరువులోకి మాత్రం దూకొద్దు. ఈగలు పైనే తిరుగుతూ కాచుకుని ఉంటాయి, ఈత రానివాళ్లకు అది రెండో గండం. పరుగెత్తలేని పెద్దవాళ్లను, పసివాళ్లను ఎవరు పట్టుకోవాలో కూర్చునేటప్పుడే అనుకోండి. వాళ్లను బండికి దగ్గరగా కూర్చోబెట్టండి.

బయటపడ్డాక ముళ్లు తీయడమే మొదటి పని. ఈగ వదిలిపోయినా దాని విషపు తిత్తి ముల్లుతోనే ఉండి, ఒక నిమిషం లోపే ఉన్న విషమంతా ఒంట్లోకి ఎక్కిస్తుంది. గోటితో తీయాలా, కార్డుతో గీకాలా అన్న చర్చ వద్దు. ఎలా తీసినా ఫరవాలేదు, వెంటనే తీయాలి. జుట్టులో, చెవుల వెనక వెతకండి. సున్నం కోసం, ఉల్లిపాయ కోసం పరుగులు పెడితే పోయేది సమయమే. ఊపిరాడకపోవడం, నాలుక, పెదవులు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనబడినా ఒక్క క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. కొందరికి ఒక్క కుట్టు చాలు ప్రాణం మీదికి రావడానికి. అప్పుడు బతికించేది తొడ కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. ఇక పదుల సంఖ్యలో కుట్లు పడినవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, ఎలర్జీ లేకపోయినా, నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. విషం కండరాలను, మూత్రపిండాలను దెబ్బతీసిన సంగతి ఒకటి రెండు రోజులు గడిచాక గానీ బయటపడకపోవచ్చు. మూత్రం తగ్గినా, ముదురు రంగుకు తిరిగినా అది ప్రమాద సూచన.

వనభోజనానికి పిలిచినవాళ్ల మీదే మొదటి బాధ్యత. చందాలు వసూలు చేసే కమిటీకి చెట్లు చూసే తీరిక కూడా ఉండాలి. పట్టు కనబడితే దాన్ని కాల్చబోవద్దు, మనుషులను పెట్టి కొట్టించబోవద్దు. మన పంటలకు పరాగం మోసే ఈగలు అవి, వాటి చోట అవి ఉన్నాయి. జాగా మార్చుకోవాల్సింది మనమే. వీలైతే వంట ఊళ్లోనే చేయించి క్యారేజీల్లో తీసుకెళ్లండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం ఎలాగూ నేరమే. పార్కులు, జలపాతాల దగ్గర టికెట్లు అమ్మే శాఖలు పట్టున్న చెట్టుకు బోర్డు కట్టి, చుట్టూ తాడు లాగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈ నెల రోజులూ పీహెచ్‌సీల్లో ఎడ్రినలిన్ నిల్వ ఉందో లేదో జిల్లా వైద్యాధికారులు ఇప్పుడే చూసుకోవాలి, ఆదివారం సాయంత్రం కాదు.

జాగా ఇప్పటికే ఖరారైందా? అయితే వెళ్లే ముందురోజు కమిటీ నుంచి ఇద్దరు పగటి వెలుగులో అక్కడికి వెళ్లి, చుట్టూ ఉన్న ప్రతి పెద్ద చెట్టునూ, చరియనూ, ట్యాంకునూ తలెత్తి చూసి రావాలి. పట్టు కనబడితే ఆ రాత్రే అందరికీ ఫోన్లు చేసి చోటు మార్చండి. అడ్వాన్సు పోతే పోనివ్వండి.