అడిగినోళ్ల పేర్లు లేని రాష్ట్ర చరిత్ర

ప్రతి ఏడూ సెప్టెంబర్ 17 రాగానే పార్టీలకు పూనకం వస్తది. ఒకరు విమోచనం అంటరు, ఒకరు విలీనం అంటరు, ఇంకొకరు విద్రోహం అంటరు. మాలపల్లె, మాదిగవాడల నుంచి మేము అడిగేది ఒక్కటే: ఆ దినం తర్వాత భూమి ఎవని చేతికి పోయింది?

1946 నుంచి నల్లగొండ జిల్లాలో వెట్టి మీద జనం తిరగబడ్డరు. 3 వేల ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచినమని కమ్యూనిస్టులు లెక్క చెప్పిండ్రు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకనే ఊళ్లకు తిరిగొచ్చిండ్రు. పంచిన భూములు చాలాచోట్ల మళ్లీ వాళ్ల కిందికే పోయినయి. నిజాం పోయిండు, గడీ పోలేదు! 1950లో కౌలుదారీ చట్టం తెచ్చిండ్రు. అది కౌలుదారుకు రక్షణ. తరతరాలు వెట్టి చేసినోనికి, జీతమున్నోనికి కౌలు కాయితం ఎక్కడిది?

1951 ఏప్రిల్ 18న వినోబా పోచంపల్లికి వచ్చిండు. అక్కడి దళితులు 40 కుటుంబాల కోసం 80 ఎకరాలు అడిగిండ్రు: 40 తరి, 40 ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తనన్నడు. అక్కడ్నే భూదానోద్యమం పుట్టింది. ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. ఇచ్చినాయన పేరు పుస్తకంల ఉన్నది, నడిచొచ్చినాయన పేరు ఉన్నది. నోరు తెరిచి అడిగిన వాళ్ల పేర్లేవి? బడిలో ఈ పాఠం చెప్పే మా అసొంటి పంతుళ్లకే తెలియవు. అడగకపోతే ఆ దానం జరిగేదా? మన చెమటతో పండిన భూమిని మనకిస్తే దాని పేరు దానమా, బాకీ తీర్చుడా?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర తరఫున నలుగురు, తెలంగాణ తరఫున నలుగురు సంతకాలు పెట్టిండ్రు. ఎనిమిది మందిల ఒక్క దళితుడు లేడు. తెలంగాణల సాగుభూముల అమ్మకాల మీద ప్రాంతీయ మండలి అదుపు ఉండాలని రాసుకున్నరు. భూమే లేనోడు ఏం అమ్ముతడు?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట ఏమైందో ఊరూరికీ తెలుసు. ఆ ఆగస్టు 15న దళితులకు మూడెకరాల పథకం మొదలువెట్టిండ్రు. అందినోళ్లు కొందరు, ఎదురుచూసినోళ్లు ఎందరో. 2018లో రైతుబంధు పెట్టి పంటకు ఎకరానికి 4 వేలిచ్చిండ్రు, ఎకరాలకు హద్దు పెట్టలేదు. నూరెకరాల ఆసామికి 4 లక్షలు. గుంట లేని కూలికి సున్నా! దేశమంతా తిరిగి మట్టి మోసి ప్రాజెక్టులు కట్టిన పాలమూరు కూలికీ అదే సున్నా.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. అమెరికాల జార్జియా అనే వలస రాజ్యాన్ని 1733లో ఇంగ్లండు పేదల ఆసరా కోసమని ఆదివాసుల నేల మీద నిలబెట్టిండ్రు. 1735లో అక్కడ బానిసత్వాన్ని నిషేధించిండ్రు. పదిహేనేళ్లు దాటంగనే పెద్ద ఆసాముల మాట విని నిషేధం ఎత్తేసిండ్రు. 1865 జనవరిలో ఆ రాజ్యంలోని సవన్నా పట్నం నుంచే సైన్యాధికారి షెర్మన్, విడుదలైన నల్లవాళ్ల కుటుంబానికి 40 ఎకరాల దాకా భూమి ఇమ్మని ఉత్తర్వు వేసిండు. ఆ ఏడు తిరగకముందే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూమి పాత యజమానులకే తిప్పి ఇప్పించిండు. హక్కు చేయని భూమిని ఇచ్చిన చెయ్యే గుంజుకుంటది.

అందుకే అన్నలారా, అక్కలారా! సెప్టెంబర్ 17 పేరు మీద కొట్లాట వాళ్లను చేసుకోనియ్యండి. మన పని వేరే ఉన్నది. మీ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. భూదానం, సీలింగు, అసైన్డు భూములు ఎవరికి ఇచ్చిండ్రు, ఇయ్యాల ఎవరు దున్నుతున్నరు, రాయండి. గ్రామసభల గట్టిగ చదవండి. ముసలోళ్లను అడిగి, అడిగినోళ్ల పేర్లు కూడ రాయండి. రాష్ట్రం మూడుసార్లు మారింది. పట్టాల మన పేరు ఎక్కిననాడే అది మన రాష్ట్రం.

జై భీం!